పూచీ ఎవరిది? – జార్జి టౌన్ క్షేమచరిత్రలో కొన్ని ఘట్టాలు

మద్రాసు హైకోర్టు దగ్గర పారీస్ మూల నుంచి ఉత్తరంగా నడిస్తే వచ్చే పెద్ద వీధిని పాతవాళ్ళు ఇప్పటికీ బ్రాడ్వే అనే అంటారు. కాగితాల మీద దాని పేరు ప్రకాశం సాలై. దానికి తూర్పున ముత్యాలపేట, పడమర పెద్దనాయకన్ పేట. ఇంకా పడమరకు వెళితే వాల్ టాక్స్ రోడ్డు. ఉత్తరాన ఏళు కిణరు, అంటే ఏడు బావులు. నడుమ కొత్వాల్ చావడి. 1906లో వేల్స్ యువరాజు (తరవాతి అయిదో జార్జి చక్రవర్తి) వచ్చి వెళ్ళాక ఈ ప్రాంతమంతటికీ జార్జి టౌన్ అని పేరు వచ్చింది. అంతకు ముందు అది బ్లాక్ టౌన్, అంటే నల్లవాళ్ళ పట్నం.

ఈ పేర్లను వరసగా చదివితే ఒక సంగతి తోస్తుంది. వీటిలో ఒకటి కావలివాడి పేరు. ఒకటి గోడ కోసం వేసిన పన్ను పేరు. ఒకటి మంచినీటి బావుల పేరు. ఒకటి బజారు అధికారి పేరు. పట్నం తన్ను తాను ఎలా కాపాడుకున్నదో, ఎలా కాపాడుకోలేకపోయిందో ఈ వీధుల పేర్లలోనే రాసి ఉన్నది. పట్నవాసుల భద్రతకూ క్షేమానికీ వేరువేరు కాలాల్లో పాలకులు వేసిన పథకాలను ఈ వ్యాసంలో స్థూలంగా పరిశీలిద్దాం. ఏ పథకం నిలిచింది, ఏది నిలవలేదు అన్న ప్రశ్నకు జవాబు దాని వెనక ఉన్న సొమ్ములో కన్నా, దానికి పూచీ ఎవరు వహించారన్న దానిలోనే ఎక్కువగా దొరుకుతుందని నా అభిప్రాయం.

తలారి పూచీ

1639 ఆగస్టులో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే ఈ ఇసుక తీరం మీద కోట కట్టుకోవడానికి అనుమతి పొందినది దామర్ల నాయకుల దగ్గర. వారి తండ్రి చెన్నప్ప నాయకుని పేరు మీదనే చెన్నపట్నం ఏర్పడిందని ఎక్కువమంది చరిత్రకారులు చెబుతారు. కోట వెలసిన కొద్ది కాలానికే దాని ఉత్తరాన నేతగాళ్ళు, అద్దకంవాళ్ళు, వర్తకులు, దుబాషీలు స్థిరపడి ఒక ఊరు తయారయింది. అందులో తెలుగువారు చాలామంది. ఆ రోజుల్లో ఇంగ్లీషువాళ్ళు తెలుగు భాషను 'జెంటూ' అని రాసుకునేవారు.

ఈ కొత్త ఊరికి కావలి ఎవరు? కంపెనీ సిపాయిల పని కోటను కాపాడడం. ఊరి కావలి పెద్దనాయకుని వంతు. అది వంశపారంపర్యపు పదవి. ఆయన కింద తలారులు ఉండేవారు. మొదట 20 మంది, ఊరు పెరిగాక 50 మంది. ఇంగ్లీషు రికార్డుల్లో 'టలియార్' అని కనిపించే మాట మన పల్లెల తలారే. ఆంధ్రదేశపు గ్రామాల్లో తరతరాలుగా ఉన్న ఏర్పాటునే ఇక్కడ పట్నానికి సరిపెట్టారన్నమాట.

పెద్దనాయకునికి జీతం లేదు. కొన్ని పొలాలు పన్ను లేకుండా ఇచ్చారు. బజారుకు వచ్చే బియ్యం, చేపలు, నూనె, వక్కల వంటి సరుకుల మీద చిన్న చిన్న రుసుములు వసూలు చేసుకునే హక్కు ఇచ్చారు. అందుకు బదులు ఆయన తల మీద ఉన్న భారం చిన్నది కాదు. ఊళ్ళో దొంగతనం జరిగితే దొంగను పట్టుకోవాలి, లేదా పోయిన సొత్తుకు తానే బదులు చెప్పుకోవాలి. 'పూచీ' అన్న మాటకు అసలైన అర్థం ఇదే. కావలి కాయడం ఒక పని. కావలి తప్పితే నష్టం నాది అని ఒప్పుకోవడం మరొక పని. పెద్దనాయకుని పదవిలో ఈ రెండూ కలిసి ఉన్నాయి.

ఈ పద్ధతిని ఆదర్శంగా చూపడం నా ఉద్దేశం కాదు. గంపలో చేపలు తెచ్చిన మనిషి కూడా రుసుము కట్టవలసిందే. పోగొట్టుకోవడానికి సొత్తే లేని వాడికి ఆ పూచీ వల్ల ఒరిగేది తక్కువ. పదవి తండ్రి నుంచి కొడుక్కు పోయేదే కాని, సమర్థత చూసి ఇచ్చేది కాదు. అయినా, ఊరి భద్రతకు ఒక మనిషి, ఒక పేరు, ఒక ఇల్లు ఉండేవి. ఎవరి గడప ఎక్కి అడగాలో జనానికి తెలుసు. ఆ పేరే పెద్దనాయకన్ పేటగా మిగిలింది.

మేయరు, ఆల్డర్మన్లు

ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ నగర పరిపాలన అనే కొత్త యంత్రాన్ని స్థాపించినది 1688లో. 1687 డిసెంబరు 30 నాటి చార్టరు ప్రకారం 1688 సెప్టెంబరు 29న మద్రాసు కార్పొరేషన్ పని ప్రారంభించింది. నెతానియల్ హిగ్గిన్సన్ మొదటి మేయరు. 12 మంది ఆల్డర్మన్లలో కంపెనీ ఉద్యోగులతో పాటు పోర్చుగీసువారు, యూదులు, హిందువులు ఉన్నారు. హిందువులు ముగ్గురు: చిన వెంకటాద్రి, ముద్దు వీరన్న, అళగత్త పిళ్ళై. చిన వెంకటాద్రి పట్నం తొలినాళ్ళ ప్రముఖ తెలుగు వర్తకుడు బేరి తిమ్మన్నకు తమ్ముడు.

లండనులోని కంపెనీ పెద్ద జోసయా చైల్డు ఈ ఏర్పాటుకు చెప్పిన కారణం గమనించదగినది. పై నుంచి బలవంతాన వేసే చిన్న పన్ను కన్నా, జనం తమకు తామే వేసుకునే పెద్ద పన్నును ఇష్టంగా కడతారని ఆయన వాదం. టౌన్ హాలు, బడి, జైలు, మురుగు కాలువలు ఇటువంటి పన్నుతో కట్టాలని ఆశ. వాదం మంచిదే. కాని ఆల్డర్మన్లు పన్ను వేసుకుందాం అనేసరికి పట్నం ఒప్పుకోలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. ముగ్గురు వర్తకులను సభలో కూర్చోబెట్టినంత మాత్రాన నేతగాడు, బోయీ, పడవవాడు ఆ సభను తనదనుకోడు. ప్రాతినిధ్యం పేరుకు ఉంది, పూచీ మాత్రం కుదరలేదు. తరవాత ఆ కార్పొరేషన్ చాలాకాలం న్యాయస్థానంగానే ఎక్కువగా పని చేసింది.

వీధులు పంచి ఇచ్చిన శాంతి

ఊరి భద్రతకు ముప్పు దొంగల వల్లనే కాదు, ఇరుగుపొరుగుల తగాదాల వల్ల కూడా వచ్చేది. కుడిచేతి కులాలు, ఎడమచేతి కులాలు అని ఆనాటి పట్నం రెండుగా చీలి ఉండేది. ఏ వీధిలో ఎవరి పెళ్ళి ఊరేగింపు పోవచ్చు అన్నదే చాలాసార్లు గొడవకు మూలం. 1652లో ఒకసారి, 1707లో మరొకసారి ఈ తగాదా పెద్దదయింది. 1707లో గవర్నరు థామస్ పిట్. కోపగించిన కుడిచేతివారు ఊరు విడిచి శాంతోముకు వెళ్ళిపోయారు. నేతగాళ్ళు, కూలీలు, పడవవాళ్ళు లేకపోతే కంపెనీ వ్యాపారం ఎక్కడిది? చివరికి పెద్దనాయకన్ పేట కుడిచేతివారికి, ముత్యాలపేట ఎడమచేతివారికి అని విభజన చేసి రాజీ కుదిర్చారు.

ఈనాటి భాషలో చెప్పాలంటే ఇది ఒక భద్రతా ప్రణాళిక. కొట్లాటలు కొంత తగ్గి ఉండవచ్చు. కాని వేరుచేసి శాంతి తేవడానికి ఒక వెల ఉంటుంది. రెండు పేటల వారూ కలిసి తమ ఊరి సంగతి మాట్లాడుకునే చోటు లేకుండా పోయింది. ఊరేగింపుల తగాదా వచ్చినప్పుడల్లా తీర్పు కోసం కోటకే పోవలసి వచ్చింది. తగవు తీర్చే శక్తి ఊరి చేతిలో నుంచి జారిపోయింది.

గోడ, పన్ను, బావులు

1746లో ఫ్రెంచివాళ్ళు కోటను పట్టుకున్నారు. 1758-59లో లాలీ ముట్టడించాడు. ఆ యుద్ధాల తరవాత కోటకు ఆనుకుని ఉన్న పాత బ్లాక్ టౌన్‌ను పడగొట్టి, ఫిరంగి గుండ్ల దారికి అడ్డం లేకుండా మైదానం చేశారు. ఆ హద్దు దాటి ఇళ్ళు కట్టరాదని 1773లో రాతి స్తంభాలు నాటారు. వాటిలో ఒకటి పారీస్ మూల దగ్గర మిగిలింది. పడగొట్టిన ఇళ్ళవాళ్ళు ఉత్తరాన ముత్యాలపేటకూ పెద్దనాయకన్ పేటకూ తరలారు. నేటి జార్జి టౌన్ ఈ కొత్త బ్లాక్ టౌనే. కోట భద్రత కోసం ఊరు తన స్థలాన్ని ఇచ్చుకున్నది.

1767లో, మళ్ళీ 1769లో మైసూరు దండు పట్నం పొలిమేరల దాకా వచ్చింది. అప్పుడు కొత్త ఊరికి ఉత్తరాన, పడమర పెద్ద గోడ కట్టారు. కట్టిన ఖర్చు రాబట్టడానికి ఊరివాళ్ళ మీద పన్ను వేయాలని ప్రభుత్వం అనుకున్నది. ఊరివాళ్ళు ఒప్పుకోలేదు. గోడ ఎక్కడ, ఎంత ఖర్చుతో, ఎవరి గుత్తకు ఇచ్చి కట్టాలో వాళ్ళను ఎవరూ అడగలేదు కదా! పన్ను వసూలు కాలేదు. గోడ కూడా 19వ శతాబ్దిలో చాలామటుకు పోయింది. రాయపురం వైపు ఒక ముక్క మిగిలింది. వసూలు కాని పన్ను పేరు మాత్రం వాల్ టాక్స్ రోడ్డుగా స్థిరపడింది.

అదే కాలంలో, 1772లో, కెప్టెన్ బేకర్ పథకం ప్రకారం పెద్దనాయకన్ పేట ఉత్తరాన ఏడు బావుల నుంచి కోటకు నీరు తోడే ఏర్పాటు జరిగింది. నీరు ఊరిది, గొంతు తడిసింది ముందుగా కోటది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. గోడ విషయంలో ఊరిని అడగకుండా కట్టి ఊరిని సొమ్మడిగారు. నీటి విషయంలో ఊరి నేలలోని నీటిని కోటకు పంపారు. రెంటిలోనూ పథకం ఉంది, ఇంజనీరు ఉన్నాడు, ఖర్చు ఉంది. ఊరికి జవాబు చెప్పే మనిషి లేడు.

పోఫామ్ పథకం

1782 నాటికి పరిస్థితి మరీ విషమించింది. హైదరాలీతో యుద్ధం వల్ల పల్లెలు పాడయ్యాయి, కరవు వచ్చింది, ఆకలితో జనం పట్నంలోకి వచ్చి పడ్డారు. వాళ్ళకు గంజి పోయడానికి గోడ అవతల ఒక కేంద్రం ఏర్పాటయింది. దాని బాధ్యత చూసినవాడు గ్రామాధికారి, అంటే మణియకారు. ఇంగ్లీషువాళ్ళ నోట అది మొనేగర్ చౌల్ట్రీ అయింది. తరవాత అక్కడ వైద్యశాల వచ్చింది, అదే పెరిగి స్టాన్లీ ఆసుపత్రి అయింది. ఉత్తర మద్రాసు జనం ఆ ఆసుపత్రిని చాలాకాలం 'గంజి తొట్టి' అనే పిలిచారు. గంజి పోసిన చేతిని జనం మరచిపోరు.

ఆ 1782లోనే స్టీఫెన్ పోఫామ్ అనే న్యాయవాది ప్రభుత్వానికి ఒక పోలీసు పథకం సమర్పించాడు. ఇది 'పోలీసు' పథకమే కాని, అందులో ఉన్నవి చూడండి. ప్రతి వీధికీ నిలువు కాలువలు, అడ్డ కాలువలు తవ్వాలి. వీధులను కొలిచి, పేర్లు పెట్టి, దీపాలు వెలిగించాలి. జనన మరణాలను క్రమంగా నమోదు చేయాలి. సారాయి, కల్లు దుకాణాలకు లైసెన్సులు ఇవ్వాలి. ఇవన్నీ దొంగలను పట్టే పనులు కావు. కాని పోఫామ్ దృష్టిలో ఇవే పోలీసు. చీకటి వీధి, మురుగు గుంట, లెక్కలో లేని చావు, అదుపులేని సారాయి అంగడి – వీటిని సరిచేస్తే దొంగతనమూ రోగమూ కూడా తగ్గుతాయని ఆయన గ్రహించాడు. 'పోలీసు' అన్న మాట పుట్టింది కూడా నగరం అనే అర్థం గల గ్రీకు మాట 'పోలిస్' నుంచి. 18వ శతాబ్దిలో దానికి ఊరి మొత్తం మంచిచెడ్డలు అనే విశాలమైన అర్థం ఉండేది.

పథకం అప్పుడు పూర్తిగా అమలు కాలేదు. అయితే రెండు పేటల మధ్య ఉన్న పల్లాన్ని, మురుగు కాలువను పోఫామ్ పూడ్పించి వేసిన దారే బ్రాడ్వే. అందులో ఆయన స్వలాభమూ కలిసే ఉన్నది, ఆ చుట్టూ ఆయనకు భూములుండేవి. అది అలా ఉంచినా, 1707లో కులాన్ని బట్టి విడదీసిన రెండు పేటలను 80 ఏళ్ళ తరవాత ఒక మురుగు పారుదల పని కలిపింది. ఇది మరచిపోరాని సంగతి.

విడిపోయిన రెండు బాధ్యతలు

1793లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం కలకత్తా, మద్రాసు, బొంబాయి పట్నాల్లో జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే అధికారులు ఇళ్ళ మీద పన్ను వేసి వీధులు ఊడ్పించడానికి, కావలికి, మరమ్మతులకు వాడవచ్చునని చెప్పింది. ఊడ్పూ కావలీ అప్పటికి ఇంకా ఒకే పద్దు. 1856 నాటికి ఈ రెండూ వేరయ్యాయి. ఆ ఏడు వచ్చిన చట్టంతో పోలీసు కమిషనరు చేతి కిందికి వెళ్ళింది. కాలువలు, దీపాలు, చెత్త పురపాలక సంస్థ వంతు. కమిషనరు ప్రభుత్వానికి జవాబుదారీ, పట్నానికి కాదు. పెద్దనాయకుని పూచీ నాటి పద్ధతి పూర్తిగా చరిత్రలో కలిసిపోయింది.

దీని ఫలితం ఎటువంటిదో బ్రాడ్వే మొదట్లోనే ఒకసారి బయటపడింది. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ రాకకు నిరసనగా హైకోర్టు దగ్గర జనం చేరారు. పోలీసులు కాల్చారు. చనిపోయిన యువకుణ్ణి చూడబోయిన టంగుటూరి ప్రకాశం పంతులుగారికి తుపాకులు అడ్డం వచ్చాయి. కాల్చమని ఆయన రొమ్ము చూపిన సంగతి మనకందరికీ తెలిసినదే. దాన్ని సాహసకథగా చెప్పుకుంటాం. నేను దాన్ని ఒక ప్రశ్నగా కూడా చదువుతాను: ఈ ఊళ్ళో ఒక ప్రాణం పోతే జవాబు చెప్పేది ఎవరు? పోఫామ్ వేసిన వీధికి ప్రకాశంగారి పేరు పెట్టడంలో ఈ ప్రశ్న కూడా ఇమిడి ఉన్నదనుకుంటాను.

ఒక అణా భోజనం

రెండో బాధ్యత, అంటే క్షేమం, కార్పొరేషన్ దగ్గరే మిగిలింది. దానిని ఎలా వహించాలో చూపినవారిలో ముఖ్యులు పిట్టి త్యాగరాయ చెట్టిగారు (1852-1925). జార్జి టౌన్‌కు ఉత్తరాన వాషర్మన్ పేటలో ఉన్న తెలుగు దేవాంగుల కుటుంబం వారిది. దాదాపు 40 ఏళ్ళు కార్పొరేషన్ సభ్యులుగా ఉండి, చివరికి దానికి ఎన్నికైన మొదటి అధ్యక్షులయ్యారు. 1920లో థౌజండ్ లైట్స్ లోని కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టాలని వారు ప్రతిపాదించారు. పిల్ల ఒక్కంటికి రోజుకు ఒక అణా మించకుండా ఖర్చు. బీదపిల్లలు ఆకలి వల్ల బడికి రావడం లేదని లెక్క తీసి సభలో చెప్పారు. తరవాత మరికొన్ని బళ్ళకు అది వ్యాపించింది. విద్యానిధి నుంచి ఆ ఖర్చు పెట్టరాదని ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో 1925లో ఆగిపోయి, మళ్ళీ కొద్ది కాలానికి మొదలయింది. తరవాతి దశాబ్దాల్లో కామరాజ్, ఎం.జి. రామచంద్రన్‌ల కాలంలో రాష్ట్రమంతటా విస్తరించిన మధ్యాహ్న భోజనానికి ఇది పూర్వరూపం. 2022లో తమిళనాడు ప్రభుత్వం బడిపిల్లలకు ఉదయపు ఫలహారం కూడా మొదలుపెట్టింది.

ఇక్కడ పోఫామ్‌కూ త్యాగరాయ చెట్టిగారికీ ఉన్న తేడా చూడాలి. ఇద్దరిదీ మంచి ఆలోచనే. కాని చెట్టిగారు తన ప్రతిపాదనను ఎన్నికైన సభలో పెట్టారు, లెక్క చెప్పారు, ఓటు కోరారు, విఫలమైతే జనానికి జవాబు చెప్పవలసిన స్థానంలో నిలబడ్డారు. ప్రభుత్వం ఆపినా పథకం మళ్ళీ తల ఎత్తడానికి కారణం అదే. దానిని తమదనుకున్నవాళ్ళు పట్నంలో అప్పటికి ఉన్నారు.

నేటి మాట

1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలులో పురపాలక సంస్థలకు అప్పగించదగిన 18 విషయాలు పేర్కొన్నది. నీటి సరఫరా, పారిశుద్ధ్యం, అగ్నిమాపకం, వీధి దీపాలు, జనన మరణాల నమోదు అందులో ఉన్నాయి. 1782 నాటి పోఫామ్ జాబితాలో పెద్ద భాగం 210 ఏళ్ళ తరవాత రాజ్యాంగంలో చేరిందన్నమాట. పోలీసు మాత్రం అందులో లేదు, అది రాష్ట్ర ప్రభుత్వానిదే. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని కూడా ఆ సవరణ చెప్పింది. ఊరు తన సంగతి తాను మాట్లాడుకునే చోటు అది. కాని 2016 అక్టోబరు నుంచి 2022 ఫిబ్రవరి ఎన్నికల దాకా చెన్నై కార్పొరేషన్‌లో ఎన్నికైన సభే లేదు. కాలువలు తవ్వడం ఆగలేదు, దీపాలు ఆరిపోలేదు. వార్డు మనిషి ఎవరి గడప ఎక్కి అడగాలో మాత్రం తెలియలేదు.

విడిపోయిన రెండు బాధ్యతలను మళ్ళీ ఒకచోట చేర్చే ప్రయత్నాలు ఇతర దేశాల్లో జరుగుతున్నాయి. కెనడాలో, మన తెలుగువారు గణనీయంగా స్థిరపడిన ఒంటారియో రాష్ట్రంలో, ప్రతి పురపాలక సభా తన ఊరికి భద్రతా క్షేమ ప్రణాళిక ఒకటి తయారుచేసి ఆమోదించాలని 2019 జనవరి 1 నుంచి చట్టం ఉన్నది. పోలీసులు, వైద్యులు, బడులు, సాంఘిక సేవా సంస్థలు ఒక సలహా సంఘంలో కూర్చోవాలి. నాయకత్వం మాత్రం ఎన్నికైన పురపాలక సభది. నేరం జరిగాక పట్టుకోవడం కన్నా దాని వేళ్ళను – ఆకలి, ఇల్లు లేకపోవడం, మత్తు, మానసిక వ్యాధి – ముందే గుర్తించడం దాని ఉద్దేశం. ఇది కొత్త మాటలా వినిపిస్తుంది. జార్జి టౌన్ వీధుల్లో పెరిగినవాడికి పాత మాటే.

ప్రణాళిక రాయడం కష్టమైన పని కాదు. మూడు శతాబ్దాల్లో ఈ పట్నానికి చాలా ప్రణాళికలు రాశారు. గోడ కట్టినవాళ్ళు జనాన్ని అడగలేదు, పన్ను రాలేదు. వీధులు పంచినవాళ్ళు శాంతి తెచ్చారు, ఊరిని చీల్చారు. గంజి పోసినచోటు ఆసుపత్రిగా నిలిచింది. ఒక అణా భోజనం రాష్ట్రానికి బాట వేసింది. తలారి పూచీలో ఉన్న కచ్చితత్వమూ, ఎన్నికైన సభలో ఉన్న సమానత్వమూ ఒకచోట కలవడమే ఇంకా మిగిలిన పని.

తెలుగునాటికి వెలుపల తెలుగు చదువుకునే విద్యార్థులకు ఒక మనవి. ఇంగ్లీషు రికార్డుల్లో వంకర స్పెల్లింగుల కింద దాగి ఉన్న తలారి, కావలి, దుబాషీ, పేట వంటి మాటలను పట్టుకోగలిగేది మీరే. ఆ మాటలు గుర్తుపడితే ఈ పట్నం కట్టడంలో మన పూర్వులు వహించిన బాధ్యత కనిపిస్తుంది, వారు చేసిన పొరపాట్లూ కనిపిస్తాయి. ఆ తరవాత మీరు ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి పురపాలక సభకు ఒకసారి వెళ్ళి కూర్చోండి. ప్రణాళికలో ఏముందని అడిగే ముందు, దానికి పూచీ ఎవరిదని అడగండి.